వేగపు పట్టికను చదువుట ఎట్లు? – డేటాబేసు లైబ్రరీల పోలికపై ఒక విమర్శ

పాఠశాల కార్యాలయములో అడ్మిషను రిజిస్టరు ఉండును. ఒక విద్యార్థి సంఖ్య చెప్పి, అతని వివరములు తెమ్మని ప్రధానోపాధ్యాయుడు గుమాస్తాను కోరినచో రెండు పనులు జరుగవలెను. బీరువా తెరచి, రిజిస్టరు తీసి, సరియైన వరుసను కనుగొనుట మొదటి పని. ఆ వరుసలోని పేరు, పుట్టిన తేది, తరగతి, తండ్రి పేరు మున్నగువానిని అచ్చువేసిన ఫారములో ఎక్కడివక్కడ ఎత్తి వ్రాసి ఇచ్చుట రెండవ పని. ఫారము చేతికి వచ్చుట ఆలస్యమైనపుడు, ఆ ఆలస్యము వెదకుటలో జరిగినదా, ఎత్తి వ్రాయుటలో జరిగినదా అని విచారింపకయే గుమాస్తా చేతివ్రాతను నిందించుట న్యాయము కాదు.

కంప్యూటరులో బీరువా, రిజిస్టరు, వెదకువాడు అను మూడింటి స్థానమున నుండునది డేటాబేసు. అందు సమాచారము పట్టికలుగా ఉండును. ప్రతి పట్టికలోను అడ్డువరుసలు, నిలువువరుసలు ఉండును. కావలసిన వరుసను అడుగు ప్రశ్నకు క్వెరీ అని పేరు. దానిని సాధారణముగా ఎస్.క్యూ.ఎల్. అను భాషలో వ్రాయుదురు. డేటాబేసు ఇచ్చిన వరుసను ప్రోగ్రాము వాడుకొనుటకు వీలైన ఆబ్జెక్టు అను ఫారములోనికి ఎత్తి వ్రాయవలెను. ఈ ఎత్తివ్రాతను ప్రోగ్రాము వ్రాయువాడు ఒక్కొక్క గడికి ఒక్కొక్క పంక్తి చొప్పున తానే వ్రాసికొనవచ్చును. లేదా ముందుగా తయారైయున్న లైబ్రరీకి అప్పగింపవచ్చును. కొన్ని లైబ్రరీలు ఎత్తివ్రాతతోపాటు క్వెరీని తామే కూర్చుట, ఏ గడిలోని విలువ మారినదో కనిపెట్టి యుండుట మొదలగు అనేక సేవలు చేయును. మరికొన్ని క్వెరీని ప్రోగ్రామరుకే వదలి, ఎత్తివ్రాతను మాత్రము చూచుకొనును. ఈ రెండవ రకమునకే తేలిక లైబ్రరీలని వ్యవహారము.

తేలిక లైబ్రరీలను గూర్చిన చర్చ చాలవరకు వేగమును గూర్చియే నడచును. లైబ్రరీతోపాటు ఒక వేగపు పట్టిక వచ్చుటయు, అందు పైన ఉన్న పేరును చూచి పలువురు దానినే ఎన్నుకొనుటయు పరిపాటి. అట్టి పట్టిక ఏమి చెప్పును, ఏమి చెప్పదు అను విషయమును ప్రసిద్ధమైన ఒక ఉదాహరణముతో పరీక్షించుట ఈ వ్యాసము ఉద్దేశము.

డాపర్, దాని పట్టిక

స్టాక్ ఓవర్‌ఫ్లో అనునది ప్రోగ్రాములు వ్రాయువారు తమ సందేహములను అడిగి సమాధానములు పొందు వెబ్‌సైటు. అది 2008లో ప్రారంభమైనది. మైక్రోసాఫ్టు వారి డాట్‌నెట్‌పై నడచు ఆ సైటులో, డేటాబేసు నుండి సమాచారము తెచ్చుటకు మొదట లింక్ టు ఎస్.క్యూ.ఎల్. అను లైబ్రరీని వాడిరి. పాఠకుల రద్దీ పెరిగిన కొలది, వెబ్ సర్వరుల శ్రమలో పెద్ద భాగము వెదకుటకు గాక, క్వెరీలను కూర్చుటకును ఎత్తివ్రాతకును పోవుచున్నట్లు అక్కడి ఇంజనీర్లు గమనించిరి. వారిలో సామ్ శాఫ్రన్, మార్క్ గ్రావెల్ అనువారు 2011లో డాపర్ అను తేలిక లైబ్రరీని నిర్మించి అందరికిని ఉచితముగా విడుదల చేసిరి.

డాపర్ పని చేయు తీరు తెలిసికొనదగినది. ఒక క్వెరీ మొదటిసారి వచ్చినపుడు, ఏ నిలువువరుసలోని విలువ ఆబ్జెక్టులోని ఏ గడిలోనికి పోవలెనో అది చూచును. ఆ ఎత్తివ్రాతకు కావలసిన ఆజ్ఞలను ప్రోగ్రాము నడచుచుండగనే తయారుచేసి దాచుకొనును. అదే క్వెరీ మరల వచ్చినచో విచారణ ఏమియు లేక దాచిన ఆజ్ఞలనే నడపును. అనగా, మనిషి చేతితో వ్రాయవలసిన ఎత్తివ్రాత ప్రోగ్రామును యంత్రమే ఒక్కసారి వ్రాసి, పలుమారులు వాడుకొనును. కావున దాని వేగము చేతివ్రాతకు చేరువగా నుండుటలో వింత లేదు.

డాపర్‌తోపాటు ప్రకటించిన పట్టికలో, ఒక్కొక్క వరుసను చదివి ఆబ్జెక్టుగా మార్చు పనిని 500 పర్యాయములు చేయుటకు పట్టిన మొత్తము కాలము మిల్లీసెకన్లలో ఇచ్చిరి. చేతితో వ్రాసిన ప్రోగ్రాముకు 47, డాపర్‌కు 49, సర్వీస్‌స్టాక్ ఓఆర్ఎంలైట్‌కు 50, పెటాపోకోకు 52. ప్రోగ్రామరే ఎస్.క్యూ.ఎల్. వ్రాసి ఇచ్చిన పద్ధతిలో ఎన్‌హైబర్నేట్‌కు 104, ఆనాటి ఎంటిటీ ఫ్రేంవర్కుకు 631. క్వెరీని కూడ లైబ్రరీయే కూర్చు మామూలు పద్ధతిలో ఎంటిటీ ఫ్రేంవర్కుకు 859, సబ్‌సానిక్‌కు 3619. ఈ అంకెలు పలుమారులు ఎత్తి చూపబడినవి. తేలిక లైబ్రరీలకు వచ్చిన కీర్తిలో ఇట్టి అంకెల పాత్ర తక్కువది కాదు.

పరీక్షలోని మంచి

విమర్శకు ముందు, ఈ పరీక్ష చేసినవారి జాగ్రత్తలను చెప్పుట ధర్మము. మొదటి పర్యాయము ఎల్లపుడు ఆలస్యమగును. ఏలయనగా అప్పుడే ప్రోగ్రాము యంత్రభాషలోనికి మారును, దాచుకొనవలసినవి అప్పుడే దాచబడును. అందుచేత ప్రతి లైబ్రరీని ఒకసారి నడపి, ఆ కాలమును లెక్కలోనికి తీసికొనక, తరువాతనే గడియారమును మొదలుపెట్టిరి. ప్రతి పర్యాయమును లైబ్రరీల వరుసను చీట్లు కలిపినట్లు మార్చిరి. దీనివలన ముందు నడచినదానికి గాని, వెనుక నడచినదానికి గాని అనుచితమైన లాభము కలుగదు. అన్నింటికంటె ముఖ్యముగా, పరీక్షా ప్రోగ్రామును బహిరంగముగా ఉంచి, ఇతర లైబ్రరీలను కూడ చేర్చుడని కోరిరి. ఒక వస్తువును చేసినవాడే దానిని పరీక్షించి యోగ్యతాపత్రము వ్రాసికొనినచో సందేహము కలుగుట సహజము. పరీక్షను ఎవరైనను తిరిగి చేయగల వీలు కల్పించుటయే ఆ సందేహమునకు తగిన సమాధానము. ఈ విషయములో డాపర్ కర్తల పద్ధతి శాస్త్రీయమే.

అయినను, పరీక్ష మంచిదగుట వేరు; దానినుండి తీయు నిర్ణయము సరియైనదగుట వేరు. ఈ క్రింది అయిదు విషయములను విచారింపవలసి యున్నది.

47కును 49కిని నడుమ

ఉన్నత పాఠశాల ప్రయోగశాలలో లోలకము యొక్క ఆవర్తన కాలమును కనుగొనుటకు 20 డోలనములకు పట్టిన కాలము కొలిచి, 20 చేత భాగింతురు. 500 పర్యాయముల పరీక్షయు ఇట్టిదే. 47ను 500 చేత భాగించినచో ఒక పర్యాయమునకు 0.094 మిల్లీసెకను, 49ని భాగించినచో 0.098. తేడా 0.004 మిల్లీసెకను, అనగా సెకనులో పదిలక్షల వంతులు నాలుగు.

లోలకపు ప్రయోగమును ఒక్కసారి చేసి ఊరకుండిన విద్యార్థికి ఉపాధ్యాయుడు మార్కులు తగ్గించును. ప్రయోగమును మరల మరల చేసి, ఫలితములు ఒకదానికొకటి ఎంత దూరములో నున్నవో చూపవలెను. ప్రోగ్రాము నడచుచుండగా కంప్యూటరు మధ్యమధ్య ఇతర పనులకు పోవును. వాడి వదలిన జ్ఞాపకస్థానమును శుభ్రము చేయును. ఇట్టి అంతరాయములవలన ఒకే ప్రోగ్రాము ఒకసారి కొంత ఎక్కువ, ఒకసారి కొంత తక్కువ కాలము తీసికొనును. ఆ పట్టికలో లైబ్రరీకి ఒకే అంకె కలదు. ఆ అంకె ఎంత ఊగిసలాడునో తెలుపు రెండవ అంకె లేదు. అందుచేత 47, 49, 50, 52 అను వానిని ప్రథమ, ద్వితీయ, తృతీయ బహుమతులవలె చదువుట తగదు. ఆ నాలుగును ఇంచుమించు సమానమనియు, 859 వానికి చాల దూరమనియు మాత్రమే చెప్పవచ్చును.

ఈ లోపము తరువాతి కాలములో దిద్దబడినది. డాపర్‌తో వచ్చు తరువాతి పట్టికలను బెంచ్‌మార్క్ డాట్‌నెట్ అను కొలత సాధనముతో తయారుచేసిరి. అందు సగటు కాలముతోపాటు ప్రమాణ విచలనము, ఒక్కొక్క పర్యాయమునకు వాడిన జ్ఞాపకస్థానము కూడ ఇయ్యబడినవి. సగటు ప్రక్కన విచలనము ఉన్నపుడే రెండు సగటుల తేడాకు అర్థము ఏర్పడును.

ఏ రిజిస్టరు, ఎక్కడి బీరువా?

ఆనాటి పరీక్షకు వాడిన పట్టికలో 5000 వరుసలు కలవు. ప్రతి వరుసలోను ఒక సంఖ్య, 2000 అక్షరముల పాఠము, రెండు తేదీలు, తొమ్మిది లెక్కల గడులు. పాఠమనగా ఎక్స్ అను ఒకే అక్షరమును 2000 సార్లు వ్రాసినది. లెక్కల గడులు తొమ్మిదియు ఖాళీగా వదలబడినవి. మొత్తము పట్టిక సుమారు ఒక కోటి అక్షరములు. అది కంప్యూటరు జ్ఞాపకములో సులభముగా ఇమిడిపోవును. ప్రతి క్వెరీయు వరుస సంఖ్యనుబట్టి ఒకే వరుసను అడుగును. డేటాబేసు కూడ పరీక్ష నడచు కంప్యూటరులోనే యున్నది.

అనగా బీరువా గుమాస్తా ప్రక్కనే యున్నది. రిజిస్టరు బల్లమీద తెరచియే యున్నది. కావలసిన పుట సంఖ్యయు తెలిసియున్నది. వెదకుటకు దాదాపు ఏమియు లేనట్లు చేసి, ఎత్తివ్రాతను మాత్రము కొలిచిరి. ఎత్తివ్రాతను కొలువదలచినవారికి ఇది తగిన ఏర్పాటే. కాని నిజమైన సంస్థలో డేటాబేసు తరచుగా వేరొక కంప్యూటరులో నుండును. ప్రశ్న అక్కడకు పోయి, జవాబు రావలెను. రిజిస్టరు ఒకటి గాక పది యుండును. వానిని కలిపి వెదకవలెను. ఆ పనులకు పట్టు కాలము పట్టికలో లేదు. ఉండవలెనని దానిని చేసినవారు ఉద్దేశింపలేదు. దానిని అక్కడ ఉన్నట్లు ఊహించుకొనుట చదువరి చేయు పొరపాటు.

అందరును ఒకే పని చేసిరా?

ప్రతి స్టేషనులోను ఆగు పాసెంజరు బండి ఎక్స్‌ప్రెస్ కంటె ఆలస్యముగా చేరినంతమాత్రమున దాని ఇంజను బలహీనమని చెప్పరాదు. ఎంటిటీ ఫ్రేంవర్కు, ఎన్‌హైబర్నేట్ వంటి పెద్ద లైబ్రరీలు తెచ్చిన ఆబ్జెక్టుల పూర్వరూపమును జ్ఞాపకముంచుకొని, అందలి మార్పులను తరువాత డేటాబేసులో తామే వ్రాయగలవు. డాపర్ ఆ పని చేయదు. ఆ సేవ కావలసినవాడు దానిని చేతితో వ్రాసికొనవలెను. అందుకు పట్టు కాలము పట్టికకెక్కదు. సేవ అక్కరలేనివాడు దానికి మూల్యము చెల్లించుట వ్యర్థమనుటయు అంతే నిజము.

ఒకే లైబ్రరీ విషయమున కూడ ఈ భేదము ఎంత యున్నదో ఆ పట్టికయే చూపుచున్నది. లింక్ టు ఎస్.క్యూ.ఎల్. ను మామూలుగా వాడినచో 559 మిల్లీసెకన్లు. క్వెరీని ప్రోగ్రామరే ఎస్.క్యూ.ఎల్. లో వ్రాసి యిచ్చినచో 181. లైబ్రరీ కూర్చిన క్వెరీని ఒక్కసారి సిద్ధముచేసి దాచి వాడినచో 81. లైబ్రరీ ఒకటే, వరుస ఒకటే, యంత్రము ఒకటే; వాడిన తీరు మారగా కాలము సుమారు ఏడు రెట్లు తగ్గినది. కావున 'ఈ లైబ్రరీ వేగము ఇంత' అను వాక్యము ఇనుము సాంద్రత ఇంత అనునట్టిది కాదు. 'ఈ విధముగా వాడిన ఈ లైబ్రరీ, ఈ పనిలో' అని చెప్పిననే వాక్యము పూర్తియగును.

మొత్తములో వంతు ఎంత?

1967లో అమెరికా ఇంజనీరు జీన్ ఆమ్డాల్ అనేక ప్రాసెసర్లను ఒక్కమారుగా పనిచేయించు కంప్యూటర్లను గూర్చి ఒక హెచ్చరిక చేసెను. పనిలో ఒక భాగమునే వేగవంతము చేసినచో, మారని భాగము మొత్తము లాభమునకు హద్దు విధించునని దాని సారము. ఆ లెక్క ఇక్కడను వర్తించును.

మామూలు పద్ధతిలో ఎంటిటీ ఫ్రేంవర్కుకు 859, చేతివ్రాతకు 47, తేడా 812. ఒక పర్యాయమునకు 1.624 మిల్లీసెకన్లు. నిష్పత్తిగా చూచినచో 18 రెట్లు. పట్టిక చదువువానిని ఆకర్షించునది ఈ అంకెయే. కాని డేటాబేసు వెదకుటకే 50 మిల్లీసెకన్లు పట్టు క్వెరీ ఒకటి కలదనుకొనినచో, ఈ తేడా మొత్తములో సుమారు 3 శాతము. అట్టిచోట లైబ్రరీని మార్చుటకు నెలలు వెచ్చించుట కంటె, వెదకుటకు సూచిక ఏర్పరచి 50ని 5కు దించుట మేలు.

ఇందుకు ఎదురు లెక్కయు వేయవలెను. పుటకు 20 చిన్న క్వెరీల చొప్పున, సెకనుకు 100 పుటలు ఇయ్యవలసిన సైటు కలదనుకొనినచో, 1.624ను 20 చేతను, 100 చేతను గుణింపగా 3248 మిల్లీసెకన్లు వచ్చును. అనగా ప్రతి సెకనుకును మూడు సెకన్లకు పైగా శ్రమ ఎత్తివ్రాతకును, క్వెరీ కూర్పుకును అదనముగా పోవును. దాదాపు అంతయు ప్రాసెసరు శ్రమయే కావున, మూడు ప్రాసెసరు కోర్లు ఇందుకొరకే కేటాయింపబడినట్లు. డాపర్ వాడినచో ఆ అదనపు శ్రమ సెకనుకు 8 మిల్లీసెకన్లు మాత్రమే. స్టాక్ ఓవర్‌ఫ్లో ఇంజనీర్లకు క్రొత్త లైబ్రరీ వ్రాయవలసిన అవసరము ఏల కలిగెనో ఈ లెక్కవలన బోధపడును. వారు పట్టికను చూచి లైబ్రరీని మార్చలేదు. ముందు తమ సైటులో కాలము ఎక్కడ పోవుచున్నదో కొలిచి, తరువాత లైబ్రరీని వ్రాసి, ఆ పిమ్మట పట్టికను ప్రకటించిరి. వారిని అనుసరింపదలచినవారు చాలమంది పట్టికతో ఆరంభించి, మొదటి మెట్టును విడిచిపెట్టుచున్నారు.

ఎన్ని పర్యాయములు పోవలెను?

ఇక చివరి విషయము. 30 ప్రశ్నల జాబితాను, ప్రతి ప్రశ్నను అడిగినవారి పేరుతో చూపవలసిన పుటను తీసికొనుడు. జాబితాకు ఒక క్వెరీ, తరువాత ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క క్వెరీ వ్రాసినచో మొత్తము 31 పర్యాయములు డేటాబేసు వద్దకు పోవలెను. పోయివచ్చుటకే ఒక మిల్లీసెకను పట్టుననుకొనినచో 31 మిల్లీసెకన్లు. రెండు పట్టికలను కలిపి ఒకే క్వెరీలో అడిగినచో ప్రయాణము ఒక్కటే. మిగిలినది 30 మిల్లీసెకన్లు. 31 పర్యాయములను అట్లే యుంచి, డాపర్‌ను తీసివేసి చేతివ్రాతకు మారినచో మిగులునది 0.124 మిల్లీసెకను. ముప్పది ఫారముల కొరకు ముప్పదిసార్లు బీరువా వద్దకు నడచు గుమాస్తాకు మంచి కలము కొని యిచ్చినందున ప్రయోజనము స్వల్పము. ముప్పది సంఖ్యలను ఒక్కసారే చెప్పుట నిజమైన ఉపకారము.

తరగతి గదిలో ఒక పరీక్ష

ఉపాధ్యాయులు దీనిని కంప్యూటరు గల ఏ పాఠశాలలోనైనను చేసి చూపవచ్చును. ఎస్.క్యూ.లైట్ అనునది రిచర్డ్ హిప్ 2000లో విడుదల చేసిన ఉచిత డేటాబేసు. పైథాన్ భాషలో దానిని వాడు ఏర్పాటు ముందే యుండును. 5000 వరుసల పట్టిక నొకదానిని చేసి, మూడు పనులకు కాలము కొలువవలెను. 500 వరుసలను వరుస సంఖ్యనుబట్టి ఒక్కొక్కటిగా 500 క్వెరీలతో తెచ్చుట మొదటిది. అవే 500 వరుసలను ఒకే క్వెరీతో తెచ్చుట రెండవది. సూచిక లేని నిలువువరుసనుబట్టి ఒక్కొక్కటిగా వెదకుట మూడవది. ప్రతి పనిని ముందొకసారి లెక్కలేకుండ నడపి, తరువాత పదిసార్లు కొలిచి, సగటుతోపాటు మిక్కిలి తక్కువ, మిక్కిలి ఎక్కువ కాలములను కూడ వ్రాయవలెను.

ఫలితములను వ్రాసిన పిమ్మట ఒక ప్రశ్న అడుగవలెను: ఎస్.క్యూ.లైట్ వేరొక సర్వరులో గాక ప్రోగ్రాములోనే నడచును. ప్రయాణపు ఖర్చు లేదు. అట్టిచో మొదటి రెండు పనుల తేడా దూరపు సర్వరు విషయములో పెరుగునా, తగ్గునా? ఈ ప్రశ్నకు కారణముతో సమాధానము చెప్పగల విద్యార్థి, వేగపు పట్టికను చదువుట నేర్చినట్లే.

2011 నాటి అంకెలతో నేటి లైబ్రరీలను తూచరాదని వేరుగా చెప్పనక్కరలేదు. ఎంటిటీ ఫ్రేంవర్కుకు బదులుగా 2016లో ఎంటిటీ ఫ్రేంవర్కు కోర్ క్రొత్తగా వ్రాయబడినది, యంత్రములును మారినవి. అయినను పట్టికను చూచినపుడు అడుగవలసిన ప్రశ్నలు మారలేదు. అంకెల ఊగిసలాట ఎంత? ఏ పని, ఏ యంత్రముపై, ఏ సమాచారముతో కొలిచిరి? పోల్చినవన్నియు ఒకే పని చేసినవా? కొలిచిన భాగము తన ప్రోగ్రాము మొత్తములో ఎంత? ఆ పనిని అసలు అన్నిసార్లు చేయవలసి యున్నదా? డాపర్ పట్టిక ఈ ప్రశ్నలలో కొన్నింటికి చక్కని జవాబు చెప్పినది. నాలుగవ దానికిని, అయిదవ దానికిని ఏ పట్టికయు జవాబు చెప్పజాలదు. ఆ రెంటిని ఎవరి ప్రోగ్రాములో వారే కొలిచికొనవలెను.